రాతిపనివాడు, చెప్పులు కుట్టువాడు



మీ తాతగారి తండ్రి పేరు మీకు తెలియునా? ఆయన ఏ యూరినుండి వచ్చి మీ యూరిలో నిలిచెను? ఏ పని చేసి బిడ్డలను పెంచెను? మన సంఘములలో ఈ ప్రశ్న వేసినయెడల పదిమందిలో ఇద్దరో ముగ్గురో జవాబు చెప్పగలరు. తక్కినవారు నవ్వి, “మాకు చరిత్ర ఎక్కడిదండీ, చరిత్ర రాజులకు గదా!” అందురు. నేను మీకు చెప్పబోవునది రాజుల కథ కాదు. సముద్రము దాటి మన సీమకు వచ్చిన ఒక రాతిపనివాని కథ, చెప్పులు కుట్టిన ఒకని కథ. వారి వెంట, ఈ తీరమునుండి సముద్రము దాటి వెళ్లిన మా యింటివాని కథ కూడ కొంత చెప్పెదను. ఓపికతో చదువుడి.

ఈ సంగతి మొదట నా చెవిని వేసినది మా నాయనమ్మ. మాది గుడివాడ సమీపమున కాలువగట్టు మీది పల్లె. మా తాతగారు తోలుపని చేయువాడు. చెప్పులు కుట్టుటయు, పశువులకు తోలు వారులు చేయుటయు ఆయన జీవనము. నేను చదివిన బడిలో పిల్లలు నన్ను ఆ పని పేరు పెట్టి పిలిచెడివారు. నా ప్రక్కన కూర్చుండుటకు ఇష్టపడెడివారు కారు. ఒకనాడు ఏడ్చుచు ఇంటికి వచ్చిన నన్ను నాయనమ్మ దగ్గరకు తీసికొని, “ఊరుకోరా నాయనా. మా పుట్టింటి వైపు ఒక దొర ఉండేవాడంట. ఆయన కూడా చెప్పులు కుట్టినోడేనంట. మా అమ్మ చెప్పేది” అనెను. ఆమె పుట్టినిల్లు గోదావరి జిల్లా నరసాపురము దగ్గర. దొర యేమి, చెప్పులు కుట్టుట యేమి అని మా పల్లెలో అందరు నవ్విరి. నేను పెద్దవాడనై సంఘముల చరిత్రలు చదివినప్పుడు, ఆ మాట అక్షరాల నిజమని తెలిసినది. ఆ దొర పేరు జార్జి బీర్.

ఇంగ్లాండు దేశమునకు నైరుతి మూలను డెవన్ అను సీమ కలదు. అందులో టా అను నది యొడ్డున బార్న్‌స్టేపుల్ అను పట్టణమున్నది. మన మచిలీపట్టణమువలెనే అదియు ఒకప్పుడు ఓడల రేవు. ఆ ప్రాంతమున ఇద్దరు యౌవనులు ఉండిరి. విలియం బౌడెన్ అనువాడు రాళ్లు చెక్కి గోడలు కట్టువాడు. జార్జి బీర్ అనువాడు చెప్పులు కుట్టువాడు. ఇద్దరును చేతులతో పని చేసి కూడు తినినవారే. వారికి కాలేజీ చదువు లేదు, గొప్ప యింటి పేరు లేదు. ఆ పట్టణమున రాబర్ట్ చాప్మన్ అను భక్తుడు ఒకప్పుడు వకీలు పని చేసి, దానిని విడిచి, బీదల మధ్య కాపురముండి బోధించుచుండెను. ఆ సహవాసములోని బిడ్డలు వీరు.

అదే సీమలో ఎక్సెటర్ పట్టణమున ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ అను పండ్ల వైద్యుడు ఉండెను. ఆయన బాగుగా సాగుచున్న తన వైద్యమును విడిచి, 1829లో కుటుంబముతో బాగ్దాదుకు పోయెను. అక్కడ 1831 నాటి తెగులులో భార్యను పోగొట్టుకొనెను. తరువాత ఇండియాకు వచ్చి మన దేశమును చూచి, పనివారిని కూర్చుకొనుటకు ఇంగ్లాండు వెళ్లెను. 1836లో ఆయన మరల బయలుదేరినప్పుడు, బౌడెన్‌యును బీర్‌యును తమ భార్యలతో గూడ ఆయన వెంట ఓడయెక్కిరి. చెన్నపట్టణమున దిగి, అక్కడినుండి మచిలీపట్టణమునకు వచ్చిరి. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు బందరు చేరినది 1841లో. హయ్యర్ దొర గుంటూరు చేరినది 1842లో. వారికంటె అయిదారు ఏండ్లు ముందుగా ఈ పనివారిద్దరు మన తీరమున అడుగు పెట్టిరన్నమాట.

అయితే ఒక చెప్పులు కుట్టువాడు అంత దూరము ఎట్లు రాగలిగెను? విశ్వాసము వారిని కదిలించెను. కాని విశ్వాసమునకు దారి కూడ కావలెను గదా. ఆ రెండు మూడేండ్లలోనే సముద్రము మీద రెండు తలుపులు తెరువబడినవి. దీనిని జాగ్రత్తగా గమనింపుడి.

మొదటి తలుపు ఇండియాలోనికి వచ్చువారిది. అంతకు ముందు ఈస్టిండియా కంపెనీవారి అనుమతి చీటి లేనిదే ఇంగ్లీషువాడు ఇక్కడ కాపురముండుటకు వీలులేదు. 1813 చట్టము మిషనెరీలకు దారి యిచ్చెను గాని, అప్పటికిని చీటి కావలెను. 1833 చార్టరు చట్టముతో కంపెనీవారి వ్యాపారము ముగిసెను; వారి పాత సీమలలో చీటి లేకుండ వచ్చి నివసించుటకు సెలవు దొరికెను.

రెండవ తలుపు ఇండియానుండి వెలుపలికి పోవువారిది. 1834లో ఇంగ్లీషువారి వలస దేశములలో బానిసత్వము రద్దాయెను. చెరకు తోటల యజమానులకు పనివారు కావలసి వచ్చిరి. ఆ యేడే మారిషస్ దీవికి మన దేశమునుండి ఒప్పందపు కూలీల ఓడలు బయలుదేరినవి. 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాలు వంతు వచ్చెను. ఒక తలుపున దొరలు లోపలికి వచ్చిరి, మరియొక తలుపున మనవారు బయటికి పోయిరి. సముద్రము ఒక్కటే.

ఈ సముద్రము మనుష్యునికి చేయు మార్పును చూడుడి. బార్న్‌స్టేపుల్ వీధిలో భూస్వామి ఎదురుగా వచ్చినయెడల చెప్పులు కుట్టువాడు టోపీ తీసి ప్రక్కకు తొలగవలెను. అదే మనుష్యుడు మచిలీపట్టణపు రేవున దిగినంతనే ‘దొరగారు’ ఆయెను. దొర యెదుట జనులు చెప్పులు విడిచి నిలువబడుట ఆ దినముల మర్యాద. చెప్పులు కుట్టినవాని యెదుట చెప్పులు విడిచి నిలిచిరి! ఆ మర్యాద ఆయన పనికి గాని గుణమునకు గాని చేసినది కాదు. ఆయన తెల్లని చర్మమునకును, ఆయన వెనుక నున్న కంపెనీ ప్రభుత్వమునకును చేసినది. ఇట్లు పరదేశి ఒక్క దినమున పెద్దమనుష్యుడగుటయే వలస పాలన యొక్క లక్షణము. ఆ కాలపు మిషనెరీల చరిత్రను చదువునప్పుడు మనము ఈ సంగతి మరువకూడదు, దాచకూడదు.

వారు దిగిన సీమ ఎట్టిది? నందన నామ సంవత్సరపు కరువు గడచి మూడేండ్లు కాలేదు. 1832–33 నాటి ఆ కరువులో గుంటూరు సీమయందు 5 లక్షల జనములో సుమారు 2 లక్షలమంది నశించిరని లెక్క వేసిరి. రాజమండ్రి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలున్న జనము 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గిపోయెను. గోదావరి, కృష్ణ నిండుగా పారి సముద్రములో కలియుచుండగా ఒడ్డున పొలములు ఎండుచుండెను. బందరు అద్దకపు బట్టలు ఒకప్పుడు పారశీక దేశము వరకు పోయెడివి. ఇప్పుడు ఇంగ్లాండు మరబట్ట వచ్చి ఇక్కడి మగ్గమును ఆపుచుండెను. చేతిపని చేసి బ్రదుకు ఇద్దరు ఇంగ్లీషువారు, చేతిపని నశించుచున్న సీమలోనికి వచ్చిరి.

మచిలీపట్టణమున వారు చేసిన మొదటి పని ఓనమాలు దిద్దుట. తెలుగు రాని బోధకుడు మూగవానితో సమానము. సుత్తి పట్టిన చేయి ఒకటి, తోలు కుట్టిన చేయి ఒకటి, రెండును తెలుగు అక్షరములకు వంగినవి. దొర యనిపించుకొనినవాడు బాలునివలె గురువు ముందర కూర్చుండి, తప్పు పలికి, సరిదిద్దించుకొని, మరల పలుకవలసి వచ్చెను. సముద్రము వారిని పైకెత్తెను. భాష వారిని క్రిందికి దించెను. అట్లు దిగినందుననే వారు నిలువగలిగిరని నా నమ్మకము. వారికి అక్షరములు దిద్దించిన గురువు ఎవరో, వారి వంట చెరువు నీళ్లు మోసిన తల్లి ఎవరో, ఆ పేర్లు మన సంఘముల నోట లేవు. బౌడెన్, బీర్ అను పేర్లు నిలిచినవి. వారిని నిలువబెట్టినవారి పేర్లు పోయినవి.

బందరునుండి వారు నరసాపురము, పాలకొల్లు వైపు వెళ్లిరి. అక్కడ ఏర్పడిన పనికే గోదావరి డెల్టా మిషను అని పేరు. వారికి ఏ సంఘము నుండియు నెల జీతము లేదు. దేవుడు పంపినప్పుడు తినుట, పంపనప్పుడు ఓర్చుకొనుట వారి యేర్పాటు. వారి పెద్దయైన గ్రోవ్స్ కూడ చిత్తూరులో భూమి సాగుచేసి, స్వంత పాటుతో సేవ జరుపవలెనని ప్రయాసపడెను.

1847లో ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలుపెట్టెను. 1852లో అది ముగిసెను. రాళ్లు కొట్టువారు, సున్నము మోయువారు, కమ్మరులు, వడ్రంగులు వేలకొలది అక్కడ కూడిరి. ఆ జనమునకు వాక్యము చెప్పుటకు కాటన్ బౌడెన్‌ను పిలిచెను. చదువరీ, ఆ దృశ్యము మనస్సున తలంచుడి. పుట్టుకచేత రాతిపనివాడైన మనుష్యుడు రాతిపనివారి మధ్య నిలువబడి వారి భాషలో మాటలాడుచున్నాడు. పగిలిన వ్రేలు ఎట్లు సలుపునో అతనికి తెలియును. ఎండలో కాలిన రాయి ఎంత వేడియో అతనికి తెలియును. ఆ పని ముగిసిన యేడే బెజవాడ ఆనకట్ట ఆరంభమై 1855లో పూర్తియాయెను. ఆ నీరే నేటికిని మా గుడివాడ మాగాణిని తడుపుచున్నది.

బీర్ 1853లో చనిపోయెను. ఆయన ఈ దేశమున గడిపినవి 17 ఏండ్లు. బౌడెన్ 40 ఏండ్లు సేవచేసి 1876లో చనిపోయెను. బీర్ కుమారులును బౌడెన్ కుమారులును అదే డెల్టాలో అదే పనియందు నిలిచిరి. తండ్రులకు డెవన్ జన్మభూమి. ఇక్కడ పుట్టి పెరిగిన బిడ్డలకు డెవన్ అనునది తల్లి నోట విన్న ఊరు మాత్రమే. వారు చూచిన నది గోదావరి. వారి చెవిని నిండినది తెలుగు. పరదేశి కుటుంబము ఒక దేశమున నాటుకొనుట అనగా ఇదియే. అది ఓడ దిగిన దినమున జరుగదు. రెండవ తరము జరిగించును.

అబ్రాహామును జ్ఞాపకము చేసికొనుడి. దేవుడు అతనికి ఆ దేశమంతయు వాగ్దానము చేసియుండెను. అయినను అతడు జీవితమంతయు గుడారములలో పరదేశిగా ఉండెను. ఆ దేశమున అతడు వెలపెట్టి కొనిన మొదటి భూమి ఏది? శారా చనిపోయినప్పుడు హేతువారియొద్ద 400 తులముల వెండి తూచి యిచ్చి కొనిన సమాధి పొలము. ఊరివారు ఊరకనే ఇచ్చెదమనిరి. అతడు నిండు వెల ఇచ్చెదనని పట్టుపట్టెను. తన మృతులను పాతిపెట్టిన నేలయే పరదేశికి మొదటి స్వంత నేల. బీర్ కుటుంబమునకును అట్లే ఆయెను.

సమాధుల మాట వచ్చినది గనుక మరియొక మాట. ఎప్పుడైన బందరు వెళ్లినప్పుడు డచ్చివారి గోరీలను చూచి రండి. డచ్చి కంపెనీవారు 1605లో బందరు చేరిరి. ఇంగ్లీషువారు 1611లో వచ్చిరి. బట్టల బేరమునకు వచ్చి ఇక్కడనే చనిపోయిన ఆ వర్తకుల గోరీల మీద వారి పేర్లు, వారి వంశపు ముద్రలు నల్లరాతిపై లోతుగా చెక్కబడియున్నవి. నేను ఆ రాళ్ల మీద చేయి వేసి చూచితిని. మూడు వందల యేండ్లు దాటినను అక్షరపు అంచు వ్రేలికి తగులును. ఆ రాయి క్రింద పండుకొనినవాని పేరు మనము చదువగలము. ఆ రాయి చెక్కినవాని పేరు దాని మీద ఎక్కడను లేదు.

ఇక రెండవ తలుపున వెళ్లినవారి సంగతి. మా నాయనమ్మకు ఒక అన్న ఉండెను. మేము చూడకపోయినను ఆయనను ‘నేటాలు తాత’ అని పిలిచెడివారము. ఆయనయు తోలుపనివాడే. మా నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, 1900 ప్రాంతమున, కూలీలను కూర్చు మనుష్యుడొకడు వచ్చి, “అయిదేండ్లు పనిచేస్తే చాలు, డబ్బు మూటతో తిరిగి రావచ్చు” అని చెప్పెనట. ఆయన బందరు మీదుగా చెన్నపట్టణము పోయి ఓడయెక్కెను. ఒక్క ఉత్తరమైనను రాలేదు. మా నాయనమ్మ తల్లి ముసలితనమున కూడ, బందరులో ఓడ వచ్చినదని ఎవరైన చెప్పినప్పుడెల్ల లేచి వాకిట నిలువబడెడిదట.

నేటాలుకు మొదటి కూలీ ఓడ ‘ట్రూరో’. అది చెన్నపట్టణమునుండి 342 మందిని ఎక్కించుకొని 1860 నవంబరు 16న డర్బను చేరెను. 1911లో ఆ పద్ధతి నిలిచిపోవునాటికి 1,52,184 మంది వెళ్లిరి. ఒప్పందము అయిదేండ్లు. మొదటి యేట నెలకు 10 షిల్లింగులు. తరువాత యేటికొక షిల్లింగు పెంపు. ఇక్కడ కుమ్మరియైనను, సాలెవాడైనను, చెప్పులు కుట్టువాడైనను, చెరకు తోటలో చాలమట్టుకు అందరికిని ఒకే పని, ఒకే పేరు. కూలీ అని పేరు. ఓడ పుస్తకములో ప్రతివానికి ఒక నంబరు.

ఒప్పందము తీరినవారు అక్కడనే నిలిచి కాపురములు పెట్టిరి. 1891 వరకు తిరుగు ప్రయాణపు హక్కుకు బదులు కొంత భూమి యిచ్చు ఏర్పాటుండెను గాని అది దొరికినవారు కొద్దిమందియే. తక్కినవారు డర్బను చుట్టును భూమి కౌలుకు తీసికొని కూరగాయలు పండించి, గంపలలో పెట్టుకొని ఇల్లిల్లు తిరిగి అమ్మిరి. అది చూచి అక్కడి తెల్లవారి ప్రభుత్వము 1895లో ఒక చట్టము చేసెను. ఒప్పందము తీరినను తిరిగి పోక, మరల కూలిలో చేరక నిలిచినవాడు యేటికి 3 పౌనుల పన్ను కట్టవలెను. 3 పౌనులనగా 60 షిల్లింగులు. క్రొత్త కూలీకి ఆరు నెలల జీతము. గాంధీగారు నడిపిన 1913 నాటి సమ్మె తరువాతనే, 1914లో, ఆ పన్ను రద్దాయెను.

ఇప్పుడు రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. డెవన్ చెప్పులు కుట్టువాడు సముద్రము దాటి దొర ఆయెను. నరసాపురపు చెప్పులు కుట్టువాడు సముద్రము దాటి నంబరు ఆయెను. ఇద్దరి చేతిలోను పని ఒకటే. ఇద్దరును పొట్టకూటి పని నేర్చినవారే, ఇద్దరును తల్లిని విడిచి పోయినవారే. ఒకని నిలుకడకు ప్రభుత్వము చట్టముతో దారి తీసెను. మరియొకని నిలుకడ మీద ప్రభుత్వము పన్ను వేసెను. మా నాయనమ్మ నన్ను ఊరడించుటకు చెప్పిన మాట నిజమే. ఆ నిజమునకు రెండవ సగము ఆమె అన్న బ్రదుకు.

అయితే దేవుడు ఎవని ప్రక్కన ఉండెను? మన లేఖనములలో అకుల, ప్రిస్కిల్ల అను దంపతులున్నారు. అకుల పుట్టినది పొంతులో. కాపురమున్నది రోమాలో. యూదులందరు రోమా విడువవలెనని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించగా కొరింథునకు వచ్చిరి. వారిది గుడారములు కుట్టు పని. పౌలును అదే పని నేర్చినవాడు గనుక వారి యింట చేరి, వారితో కలిసి కుట్టెను. తరిమివేయబడిన పనివాని యింటనే అపొస్తలుడు బస చేసెను. తరువాత వారి యింటనే సంఘము కూడెను. మన ప్రభువే నజరేతులో వడ్రంగి అనిపించుకొనెను. చేతిపని ఆయన యెదుట సిగ్గు కాదు. దొర యనిపించుకొనినవాడు ఆ పనిని మరచినను, కూలీ యనిపించుకొనినవాని చేతినుండి లోకము దానిని లాగివేసినను, ఆయన ఇద్దరిని పనివారుగానే ఎరుగును.

నేటాలులోని మనవారిని సంఘము కూడ మరువలేదు. నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు తమ స్వంత హోం మిషను తరపున 1903లో జాన్ రంగయ్యగారిని అక్కడికి పంపిరి. ఆ సంవత్సరమే కియర్స్నీ తేయాకు తోట యొద్ద తెలుగు బాప్టిస్టు సంఘము స్థాపింపబడెను. రంగయ్యగారు ఆ దేశముననే సేవచేసి 1915లో చనిపోయిరి. అనగా మిషనెరీలను తెచ్చిన సముద్రము మీదనే మన బీద సంఘములు మిషనెరీని పంపినవి. ఈ సంగతి మన సండేస్కూలు పిల్లలకు చెప్పుడి. మనము ఎల్లప్పుడు చేయి చాచినవారమే కాదు.

ఇప్పుడు డర్బనులోని ఆ పాత ఓడ పుస్తకములను కంప్యూటరులో ఎవరైనను చూడవచ్చును. మా మనుమడు వెదకిపెట్టెను. ఒక్కొక్క మనుష్యునికి ఒక్కొక్క వరుస: నంబరు, పేరు, తండ్రి పేరు, ఈడు, కులము, జిల్లా, గ్రామము, ఎత్తు, దేహము మీది గుర్తులు. గోదావరి జిల్లానుండి ఆ సంవత్సరములలో పోయినవారిలో మా నేటాలు తాత పేరు గలవారు ముగ్గురు దొరికిరి. ఈడు ముగ్గురికిని ఇంచుమించు ఒకటే. గ్రామముల పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి విన్నట్లు వ్రాసెను. వాటిని పోల్చుటకు వీలు కాలేదు. ఇక మిగిలినది తండ్రి పేరు. ముగ్గురి తండ్రుల పేర్లు వేరు వేరు. మా నాయనమ్మ తండ్రి పేరు తెలిసినయెడల ఆ క్షణముననే మా మనిషిని పట్టుకొనియుందుము.

ఆ పేరు వ్రాసిన పుస్తకము మా యింట ఒకటి ఉండెను. నాయనమ్మ పెద్ద బైబిలులో ముందరి తెల్ల కాగితముల మీద ఆమె తండ్రి పేరు, తల్లి పేరు, అన్న ఓడయెక్కిన దినము, బిడ్డల బాప్తిస్మములు అన్నియు వ్రాసియుండెను. నాయనమ్మ పోయిన తరువాత ఆ బైబిలును మా మేనత్త ప్రేమతో తీసికొనిపోయెను. ఆమెను ఇచ్చినది దివిసీమలో, సముద్రమునకు దగ్గరి పల్లెలో. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినది మీలో పెద్దలు ఎరుగుదురు. సుమారు 10 వేలమంది చనిపోయిరని ప్రభుత్వ లెక్క. మా మేనత్తయు, ఆమె కోడలును, ఆ యిల్లును, ఆ బైబిలును ఒక్క రాత్రిలో పోయినవి. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది నశించిరని చరిత్ర చెప్పుచున్నది. మన తీరమున ఎన్ని ఇండ్ల పేర్లు ఈ విధముగా నీటిపాలాయెనో దేవునికే ఎరుక.

అందుచేత నేను మిమ్మును వేడుకొనునది ఇది. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మీ యింటిలో అందరికంటె పెద్దవారి ప్రక్కన కూర్చుండుడి. ఒక నోటు పుస్తకము తీసికొనుడి. నాలుగు సంగతులు అడుగుడి: మన పెద్దల పేర్లేమి? వారు ఏ యూరివారు? ఏ పని చేసిరి? ఎవరెవరు ఎక్కడెక్కడికి వెళ్లిపోయిరి? రంగూనుకు పోయి 1942లో నడిచి వచ్చినవారుండవచ్చును, రానివారుండవచ్చును. మారిషస్, నేటాలు పోయినవారుండవచ్చును. పని పేరు వ్రాయుటకు సిగ్గుపడకుడి. పాకీ పని, తోలుపని, కాటి కాపరి పని, పాలేరుతనము ఏదైనను ఉన్నది ఉన్నట్లు వ్రాయుడి. ఆ పనియే మిమ్మును ఇంతవరకు తెచ్చినది.

వ్రాసినదానిని ఒక్కచోటనే ఉంచకుడి. రెండు ప్రతులు చేసి, ఒకటి ఇంటిలో ఉంచి, రెండవది దూరపు బంధువుల యింట ఉంచుడి. సంఘపు పెద్దలారా, కాపరులారా, బాప్తిస్మపు పుస్తకములో పేరుతోబాటు తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు తప్పక వ్రాయించుడి. నూరేండ్ల తరువాత ఏ దేశమునుండియో ఒక బిడ్డ తన వారిని వెదకుచు రావచ్చును. ఆ బిడ్డ చేతికి అందవలసిన పేరు నేడు మీ తల్లి నోట ఉన్నది.

నేను క్రొత్తగా కొనిన బైబిలు ముందరి కాగితము మీద తెలిసిన పేర్లన్నియు వ్రాసితిని. నాయనమ్మ తండ్రికి ఒక ఖాళీ గీత విడిచితిని. నేటాలు తాత పేరు ప్రక్కన ఆ ముగ్గురి నంబరులను వ్రాసితిని. ఆ ముగ్గురిలో ఇద్దరు మా వారు కారు. అయినను వారును ఎవరో ఒక తల్లి వాకిట నిలిచి ఎదురు చూచిన బిడ్డలే గనుక, మా కుటుంబ ప్రార్థనలో ముగ్గురిని తలంచుచున్నాము.